ట్రాక్ మీద మొదటి రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

రేస్ ట్రాక్ మీద కారును వేగంగా, అదుపులో నడపడం నేర్పే పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ స్కూల్‌లో పేరు ఇచ్చేసి, తేదీ దగ్గరపడే కొద్దీ టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఈ పేజీ. మొదటిసారి వెళ్లినప్పుడు నేను అడగడానికి మొహమాటపడ్డ ప్రశ్నలు, తర్వాత కొత్తవాళ్లు నన్ను అడిగినవి ఇందులో ఉన్నాయి.

రోడ్డు మీద తప్ప ఎక్కడా నడపలేదు. నాలాంటివాళ్లు రావచ్చా?

రావచ్చు. ఇన్‌స్ట్రక్టర్లకు మీలాంటివాళ్లంటేనే ఇష్టం. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా నాలుగైదు సార్లు ట్రాక్ మీద తిరిగొచ్చి "నాకు వచ్చు" అనేవాళ్లతోనే ఇబ్బంది. వాళ్ల పాత అలవాటు మాన్పించడానికే సగం రోజు పోతుంది. మీకు లైసెన్స్, కారు మీద మామూలు పట్టు, చెప్పింది వినే ఓపిక ఉంటే చాలు.

ఈ స్కూళ్లు ఈమధ్య పుట్టినవి కావు. రేసింగ్ డ్రైవర్ జిమ్ రస్సెల్ 1957లో ఇంగ్లండ్‌లోని స్నెటర్టన్ ట్రాక్ దగ్గర రేసింగ్ స్కూల్ పెట్టాడు. అమెరికాలో రేసింగ్ డ్రైవర్ బాబ్ బాండురాంట్ 1967లో వాట్కిన్స్ గ్లెన్ ట్రాక్ మీద స్టీరింగ్ విరిగి ఘోరంగా దెబ్బలు తిన్నాడు. కోలుకుని మరుసటి ఏడాదే సొంత స్కూల్ మొదలుపెట్టాడు. ఇప్పుడు పాఠం చెప్పే తీరు ఇది. పక్క సీట్లో ఒకరు కూర్చుంటారు, మీరు నడుపుతారు, ఆయన మీ తప్పులు చెబుతాడు.

అంటే ఇది రేసా?

కాదు. ఎవరికీ బహుమతి లేదు, స్థానాలు లేవు. చాలాచోట్ల కొత్తవాళ్ల గ్రూపులో టైమ్ కూడా కొలవరు. ఫోన్‌లో ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) టైమర్ పెట్టుకోవాలని చేయి లాగుతుంది. మొదటి రోజు వద్దు. టైమర్ పెట్టుకున్నవాడి చూపు మలుపు మీద ఉండదు, అంకె మీద ఉంటుంది.

సొంత కారులో వెళ్లాలా, స్కూల్ కారు తీసుకోవాలా?

రెండూ ఇచ్చే చోట మొదటిసారికి స్కూల్ కారే మేలని నా అభిప్రాయం. టైర్లు అరుగుతాయన్న బెంగ, బ్రేకులు కాలుతున్న వాసన వస్తే గుండె గుభేల్మనడం ఉండవు. సొంత కారుకూ ఒక లాభం ఉంది. రేపు రోడ్డు మీద నడిపేది అదే కాబట్టి దాని స్వభావం మీకు అర్థమవుతుంది. ఖర్చు, ఇన్సూరెన్స్ చూసుకుని నిర్ణయించుకోండి. కారు ఎంత శక్తిమంతమైనదన్నది మాత్రం పక్కన పెట్టేయండి. తక్కువ పవర్ ఉన్న కారులో తప్పులు బాగా కనబడతాయి. మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని ఇంజిన్ వెంటనే తెచ్చిపెట్టలేదు కదా.

సొంత కారు అయితే వెళ్లేముందు ఏమేం చూపించుకోవాలి?

అన్నిటికంటే ముందు బ్రేక్ ఫ్లూయిడ్, అంటే పెడల్ మీది ఒత్తిడిని చక్రాల దగ్గరి బ్రేకులకు చేర్చే ద్రవం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా మొదటి రోజు పాడైంది దీనివల్లే.

సుమారు 1,400 కిలోల కారు గంటకు 150 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గిందంటే, ఆ ఒక్క బ్రేక్‌లో పుట్టే వేడి మూడు లీటర్ల మామూలు నీళ్లను మరిగేదాకా తేగలదు. ట్రాక్ మీద అలాంటి బ్రేక్ నిమిషానికి ఒకటి రెండు సార్లు పడుతుంది. ఆ వేడి చక్రంతో పాటు తిరిగే డిస్కుల నుంచి వాటిని నొక్కి ఆపే ప్యాడ్‌లకు, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కు పాకుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన అదే ఫ్లూయిడ్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలను నలపడానికే పోతుంది.

నా మూడో సెషన్‌లో (ట్రాక్ మీద తిరిగే ఒక్కో విడతను సెషన్ అంటారు) జరిగింది అదే. మలుపులు లేని పొడవాటి స్ట్రెయిట్ చివర బ్రేక్ మీద కాలు వేస్తే పెడల్ మెత్తగా, తడిసిన దిండులా లోపలికి వెళ్లిపోయింది. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ నా మొహం చూసి, గొంతు పెంచకుండా, "పంప్ చేయండి, మళ్లీ, మళ్లీ" అన్నాడు. మూడోసారికి పెడల్ కాస్త గట్టిపడింది, కారు నెమ్మదించింది, మెల్లగా పిట్ లేన్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే దారిలోకి, వచ్చేశాం. ఫ్లూయిడ్ మార్చి మూడేళ్లు దాటిందని నాకప్పుడే గుర్తొచ్చింది. తప్పు నాదే.

ఇంకో రకం కూడా ఉంది. పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. అది ప్యాడ్‌లు వేడెక్కి పట్టు వదిలేయడం. రెండింటికీ మందు ఒకటే: వేగం తగ్గించి, బ్రేకుల జోలికి పోకుండా ఒక ల్యాప్ తిరిగి చల్లారనివ్వడం.

అందుకని వెళ్లే వారం ముందు ఫ్లూయిడ్ కొత్తది పోయించండి. ప్యాడ్‌లు కనీసం సగం మందం ఉండాలి. టైర్ల పక్క గోడల మీద పగుళ్లు, ఉబ్బులు ఉండకూడదు. చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే రెంచ్), కారు మాన్యువల్‌లో రాసినంత బిగువుతో బిగించాలి. మధ్యాహ్నం మరోసారి చూసుకోవాలి. ఇంజిన్ ఆయిల్, కూలెంట్ కారకూడదు. ట్రాక్ మీద ఒకరి కారు ఆయిల్ కారితే అందరి సెషన్ ఆగిపోతుంది.

తర్వాత కారు ఖాళీ చేయండి. డిక్కీలో జాకీ, సీటు కింద నీళ్ల సీసా, డోర్ జేబులో చిల్లర, ఫ్లోర్ మ్యాట్లు, అన్నీ. బ్రేక్ వేయగానే సీసా దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద ఇరుక్కోవడం ఊహించుకుంటే మ్యాట్లు కూడా ఎందుకు తీయమంటున్నామో అర్థమవుతుంది.

టైర్లలో గాలి ఎంత పెట్టాలి?

పొద్దున కారు తయారీదారు చెప్పినంతే పెట్టి మొదలుపెట్టండి. టైరు వేడెక్కితే ప్రతి 5, 6 డిగ్రీలకు గాలి ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది. సెషన్ అయ్యేసరికి నాలుగైదు పీఎస్ఐలు పెరిగి ఉండటం మామూలే. అప్పుడు ఎంత తీయాలో ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి. తీసేసిన గాలిని ఇంటికి బయల్దేరేముందు, టైర్లు చల్లారాక మళ్లీ నింపుకోవడం మర్చిపోవద్దు.

బైక్ హెల్మెట్ పనికొస్తుందా?

కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, చాలాచోట్ల ఒప్పుకోరు. హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ ప్రమాణాల్లో బైక్ హెల్మెట్లకు ఎం అని, కారు రేసింగ్ హెల్మెట్లకు ఎస్‌ఏ అని ఉంటుంది. ఎస్‌ఏ హెల్మెట్ మంటకు తట్టుకుంటుందా, రేసు కారు లోపలి రక్షణ కడ్డీలకు తల కొట్టుకుంటే కాపాడుతుందా అన్నవి కూడా పరీక్షిస్తారు. ఈ ప్రమాణం ఐదేళ్లకోసారి మారుతుంది: ఎస్‌ఏ 2015, 2020, 2025. మీ హెల్మెట్ లోపలి లేబుల్ చూసి స్కూల్‌కు ముందే చెప్పండి. చాలా స్కూళ్లలో అద్దెకు కూడా ఇస్తారు.

బట్టల విషయానికొస్తే పూర్తి చేతుల కాటన్ చొక్కా, పొడుగు ప్యాంటు. నైలాన్ లాంటివి మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. బూట్ల అడుగు పల్చగా ఉండాలి. మందపాటి రన్నింగ్ షూ వేసుకుంటే పెడల్ కింద ఏం జరుగుతోందో కాలికి తెలియదు.

ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

చాలా మామూలు పాలసీల్లో ట్రాక్ మీద జరిగే నష్టాన్ని మినహాయిస్తారు. "ఇది రేసు కాదు, పాఠం" అనే వాదన నిలుస్తుందో లేదో పాలసీలోని మాటల మీద ఉంటుంది. వెళ్లకముందే చదవండి, అర్థం కాకపోతే కంపెనీని రాతపూర్వకంగా అడగండి. స్కూల్‌లో సంతకం పెట్టించుకునే కాగితాన్ని కూడా చదివే పెట్టండి. ట్రాక్ గోడ విరిగితే ఆ ఖర్చు ఎవరిదో సాధారణంగా అందులోనే ఉంటుంది.

రోజంతా ఏం చేయిస్తారు?

పొద్దున క్లాసు. జెండాలు, నియమాలు, బోర్డు మీద ట్రాక్ బొమ్మ. ఆ తర్వాత ఖాళీ స్థలంలో కోన్ల మధ్య పాములా తిప్పే స్లాలమ్, ఒక్కసారిగా బ్రేక్ వేసి ఆపడం, నీళ్లు చల్లిన గుండ్రటి స్కిడ్ ప్యాడ్ మీద కారు జారితే సర్దుకోవడం. ట్రాక్ మీదికి పంపేది ఆ తర్వాతే, అదీ ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా. సెషన్ 15 నుంచి 20 నిమిషాలు ఉంటుంది. "అంతేనా?" అనిపిస్తుంది. దిగాక చొక్కా పిండితే నీళ్లు కారేటట్టు ఉంటే, ఎందుకంతేనో తెలుస్తుంది.

సీటు ఎలా సర్దుకోవాలి?

రోడ్డు మీద కంటే దగ్గరగా, నిటారుగా. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగాన ఆనాలి. బ్రేక్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. చేతులు గడియారంలో 9, 3 అంకెలుండే చోట. వెనక్కి వాలి ఒంటి చేత్తో నడిపే అలవాటున్నవాళ్లకు మొదటి గంట నడుము నొప్పెడుతుంది.

మలుపు తీసుకోవడం గురించి ఇంత చెబుతారేం? స్టీరింగ్ తిప్పడమేగా?

ట్రాక్ మీద నేర్చుకునే దాంట్లో ముప్పావు భాగం ఇదే.

టైరుకు ఉన్న పట్టు ఒక జీతం అనుకోండి. బ్రేక్ కొంత ఖర్చు చేస్తుంది, స్టీరింగ్ కొంత, యాక్సిలరేటర్ కొంత. జీతమంతా బ్రేక్ మీద పెట్టేస్తే తిప్పడానికి మిగలదు, స్టీరింగ్ తిప్పినా కారు నేరుగానే పోతుంది. అందుకే మొదటి రోజు నేర్పే పద్ధతి ఇది: నేరుగా ఉన్నప్పుడే బ్రేక్ అంతా పూర్తి చేయి, వదులు, అప్పుడు తిప్పు, కారు ముక్కు మలుపు దాటాక వచ్చే దారి వైపు తిరగడం మొదలెట్టాక యాక్సిలరేటర్. మలుపు లోపలిదాకా బ్రేక్‌ను కొంచెం కొంచెంగా వదులుతూ వెళ్లే ట్రెయిల్ బ్రేకింగ్ తర్వాతి పాఠం. దాని కోసం తొందరపడొద్దు.

ఇక లైన్, అంటే మలుపులో కారు పోయే దారి. మలుపుకు ముందు ట్రాక్ వెడల్పంతా వాడుకుని బయటి అంచున ఉంటారు, మధ్యలో లోపలి అంచుకు రాసుకుంటూ పోతారు, చివర మళ్లీ బయటి అంచుకు వదిలేస్తారు. లోపలి అంచును తాకే ఆ చోటే అపెక్స్. ఇలా చేస్తే మీ దారి మలుపు కంటే పెద్ద వంపు అవుతుంది. లెక్క వేసి చూడండి. మంచి రోడ్డు టైరు పొడి ట్రాక్ మీద దాదాపు 0.9 జీ పట్టు (కారు బరువులో తొంభై శాతానికి సమానమైన బలం) ఇస్తుందనుకుంటే, 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులో గంటకు 75 కిలోమీటర్లే పోగలరు. వంపును 70 మీటర్లకు పెంచుకుంటే అదే కారు, అదే టైర్లతో దాదాపు 90. ఇంజిన్‌కు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా వచ్చిన వేగం.

కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటుంది: తొందరగా తిప్పేయడం. మలుపు కనబడగానే భయానికి చేయి తిరుగుతుంది. అలా తిప్పితే లోపలి అంచును ముందే తాకేస్తారు, సగం మలుపు ఇంకా మిగిలే ఉంటుంది, బయటికి వచ్చేసరికి ట్రాక్ అయిపోతుంది. కాస్త ఆగి, ఆలస్యంగా తిప్పి, ఆలస్యమైన అపెక్స్‌కు వెళ్లండి. మొదట వింతగా ఉంటుంది. నాలుగో ల్యాప్‌కు "ఇంత చోటు ఎక్కడిది?" అనిపిస్తుంది.

చూపు సంగతి వేరే చెప్పాలి. గంటకు 150 కిలోమీటర్ల దగ్గర అర సెకనులో కారు 20 మీటర్లు దాటిపోతుంది. బానెట్ ముందు చూస్తూ ఉంటే మీరు చూసేది ఎప్పుడూ పాత వార్తే. బ్రేక్ వేస్తుండగానే కళ్లు అపెక్స్ మీదికి, తిప్పగానే అపెక్స్ దాటి బయటి అంచు మీదికి వెళ్లాలి. నా ఇన్‌స్ట్రక్టర్ రోజంతా అన్న మాట ఒక్కటే: "కళ్లు." ప్రతి మలుపుకు ముందు ఆయన కుడి చేతి చూపుడువేలు లేచి, మేం వెళ్లబోయే చోటును చూపించేది. మధ్యాహ్నానికి ఆయన వేలు లేవకముందే నా తల అటు తిరగడం మొదలైంది. ఆ రోజు నాకు దక్కింది అదే, అది చాలు కూడా.

ఏబీఎస్ ఉంది కదా, బ్రేక్ ఎలా వేస్తే ఏం?

ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది, కారు బరువు ముందుకు సర్దుకునే టైమ్ మాత్రం మీరే ఇవ్వాలి. పెడల్‌ను తన్నకండి, తొక్కండి: మొదట గట్టిగా, ఆ తర్వాత ఇంకా గట్టిగా, ఆఖర్లో మెల్లగా వదలడం. రోడ్డు మీద ఎప్పుడూ తొక్కనంత బలంగా తొక్కాలి. మొదటిసారి ఎవరూ అంత తొక్కరు, అందుకే ఆ డ్రిల్ ప్రత్యేకంగా చేయిస్తారు.

ఆటోమేటిక్ కారు పర్లేదా?

పర్లేదు, మొదటిసారికి ఇంకా మంచిది. గేర్ ఆలోచన తగ్గి లైన్ మీద మనసు నిలుస్తుంది. ఒకే కాలితో బ్రేక్, యాక్సిలరేటర్ కలిపి వాడే హీల్ అండ్ టో మొదటి రోజు అక్కర్లేదు.

జెండాలన్నీ గుర్తుపెట్టుకోవాలా?

అవును, తప్పించుకోలేరు. పసుపు జెండా: ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించండి, ఎవరినీ దాటొద్దు. ఎరుపు: సెషన్ ఆపేశారు. అద్దంలో వెనక చూసుకుంటూ, వేగం తగ్గించి స్కూల్ చెప్పిన చోట ఆగండి లేదా పిట్‌కు రండి. నీలం: వెనక వేగమైన కారు ఉంది. పసుపు, ఎరుపు చారలు: ట్రాక్ జారుడుగా ఉంది, ఆయిలో నీళ్లో పడ్డాయి. నలుపు మీకు చూపిస్తే పిట్‌కు రమ్మని. నలుపులో నారింజ చుక్క ఉంటే కారులో ఏదో లోపం కనబడిందని. గళ్ల జెండా: సెషన్ అయిపోయింది. చిన్నచిన్న తేడాలు స్కూల్‌ను బట్టి ఉంటాయి, అందుకే పొద్దున క్లాసు మానొద్దు. ప్రతి ల్యాప్‌లో మార్షల్ (ట్రాక్ పక్కన నిలబడి జెండాలు చూపే మనిషి) ఉండే చోట్లు చూడటం అలవాటు చేసుకోండి. జెండా ఊపి ఊపి చేయి నొప్పెట్టిన మార్షల్ మీ గురించి వాకీటాకీలో ఏమంటాడో వినకపోవడమే మంచిది.

వెనక నుంచి వేగంగా వస్తే పక్కకు జరగాలా?

జరగొద్దు. మీ లైన్‌లోనే ఉండండి. దాటే హక్కు ఇచ్చేది మీరే. అందుకు అనుమతించిన స్ట్రెయిట్‌లో, ఏ వైపు నుంచి పోవాలో చేత్తో చూపించి, యాక్సిలరేటర్ కాస్త వదలండి. మీరు పక్కకు జరిగితే అతను ఊహించని చోట మీరుంటారు, గొడవ అక్కడే మొదలవుతుంది. దారి ఇవ్వడంలో చిన్నతనం ఏమీ లేదు.

కారు తిరిగిపోతే ఏం చేయాలి?

ముందు చక్రాలు జారి కారు నేరుగా పోతుంటే అండర్‌స్టీర్. స్టీరింగ్ ఇంకా తిప్పడం వల్ల లాభం లేదు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి ఓపిక పట్టండి, పట్టు తిరిగొస్తుంది. వెనక భాగం బయటికి వస్తుంటే ఓవర్‌స్టీర్. మీరు వెళ్లాలనుకున్న వైపు చూస్తూ స్టీరింగ్ అటే తిప్పండి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ టక్కున వదిలేస్తే బరువు ముందుకు దూకి వెనక తేలికైపోతుంది, చాలా స్పిన్లకు కారణం అదే.

ఇక నిలుపుకోలేరని తెలిస్తే రెండు కాళ్లూ లోపలికి: క్లచ్, బ్రేక్ రెండూ పూర్తిగా తొక్కి ఆగేదాకా వదలొద్దు. అప్పుడు కారు ఎటు పోతుందో వెనకవాళ్లు అంచనా వేయగలరు. ఆగాక మార్షల్ సైగ చేసేదాకా కదలకండి. మంట లేకపోతే కారులోంచి దిగొద్దు.

రెండు చక్రాలు ట్రాక్ దిగి గడ్డిలోకి పోయాయనుకోండి. వెంటనే లాగేయాలనిపిస్తుంది. లాగితే అవి ఒక్కసారిగా తారును పట్టుకుని కారును అవతలి గోడకు విసిరేస్తాయి. స్టీరింగ్ నేరుగా పట్టుకుని, నెమ్మదించాక మెల్లగా ఎక్కండి.

కారు జారబోతే తానే బ్రేక్ వేసి, పవర్ తగ్గించి సర్దే స్టెబిలిటీ కంట్రోల్ ఆపేయాలా?

వద్దు. పక్క గ్రూపులో ఎవరో ఆపేశారని చూసి మీరూ బటన్ నొక్కొద్దు. డ్యాష్‌బోర్డ్ మీద దాని దీపం వెలిగిన ప్రతిసారీ మీరెక్కడ మోటుగా చేశారో అది చెబుతోందనుకోండి. రోజు చివరికి ఆ దీపం తక్కువసార్లు వెలిగితే మీరు నేర్చుకున్నట్టే.

వాన పడితే రద్దవుతుందా?

సాధారణంగా కాదు, పిడుగులు, ట్రాక్ మీద నీళ్లు నిలిచేంత వాన అయితే తప్ప. తడి రోజు దొరికితే అదృష్టం అనుకుంటాను నేను. తక్కువ వేగంలోనే కారు జారుతుంది కాబట్టి పాఠం చవకగా వస్తుంది. పొడిలో మంచిదైన లైన్ తడిలో పనికిరాకపోవచ్చు. రోజూ టైర్లు రాసుకునే చోట రబ్బరు పేరుకుని ఉంటుంది, అది తడిస్తే నున్నగా అవుతుంది.

తల తిరగడం, వాంతి లాంటివి వస్తాయా?

కొందరికి వస్తాయి, ముఖ్యంగా ఇన్‌స్ట్రక్టర్ నడుపుతుంటే పక్కన కూర్చున్నప్పుడు. తేలికగా తిని వెళ్లండి, దాహం వేయకముందే నీళ్లు తాగుతూ ఉండండి. అలసిపోతే ఆఖరి సెషన్ వదిలేయండి. ఎవరూ ఏమీ అనుకోరు. పొద్దుటి నుంచి బాగా నడిపినవాళ్లు కూడా సాయంత్రం ఆ ఒక్క సెషన్‌లోనే గోడకు తగిలించడం ట్రాక్ దగ్గర పనిచేసేవాళ్లందరూ చూసిందే.

సెషన్ అయ్యాక కారు ఎలా ఆపాలి?

చివరి ల్యాప్‌లో బ్రేకులు వీలైనంత తక్కువ వాడుతూ గాలికి చల్లారనివ్వండి. పార్క్ చేశాక హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, వేడి ప్యాడ్ వేడి డిస్కుకు అతుక్కుపోయే ప్రమాదం ఉంది. గేర్‌లో పెట్టి, చక్రం కింద చెక్క ముక్క పెట్టండి. బానెట్ తెరిచి ఉంచితే వేడి త్వరగా పోతుంది.

తిరిగి ఇంటికి అదే కారులో వెళ్లొచ్చా?

ప్యాడ్‌లలో మందం మిగిలి, నట్లు బిగువుగా ఉండి, పెడల్ గట్టిగా ఉంటే వెళ్లొచ్చు. బయల్దేరేముందు అరగంట కూర్చోండి. ట్రాక్ దిగిన వెంటనే 100 కిలోమీటర్ల వేగం కూడా నడిచినట్టే అనిపిస్తుంది, స్పీడోమీటర్ చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. నేను ఆ సాయంత్రం కారు స్నేహితుడి చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నాను. మొదటి మలుపు రాగానే నా చూపుడువేలు దానంతటదే లేచింది. "ఏమైందిరా?" అన్నాడు వాడు.